విరిగిన పంటి మూల

ఇరవై రెండేళ్ళుగా నేను చేసేది ప్లాస్టర్ పనే అయినా, ఇంతవరకు ఒక్క గోడ కట్టిన పాపాన పోలేదు. నేను కట్టేవన్నీ పళ్ళు. ఎత్తుపళ్ళకీ వంకరపళ్ళకీ క్లిప్పులు వేసే ఆస్పత్రిలో వెనకగది నాది. ముందుగదిలో డాక్టరమ్మ పిల్లల నోట్లో మెత్తటి ముద్ద పెట్టి పళ్ళ అచ్చు తీస్తారు. అది తడారకముందే నా బల్లమీదికి వస్తుంది. అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విడదీస్తే, ఆ పిల్లల పళ్ళు ఉన్నవున్నట్టుగా నా అరచేతిలో ఉంటాయి. అడుగున నంబరూ వయసూ వేసి అలమరలో పెడతాను. వైద్యానికి ముందు ఎలా ఉండేవో, తర్వాత ఎలా అయ్యాయో పోల్చి చూసుకోవడానికి అవే ఆధారం. ఆ పిల్లలెవరో, వాళ్ళ మొహాలెలా ఉంటాయో నాకు తెలియదు. వాళ్ళ పళ్ళు మాత్రం బాగా తెలుసు. డాక్టరమ్మ నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. మేస్త్రీ అంటారు.

నా పనితనం గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పుకోకపోతే ఆ వేసవిలో జరిగింది అర్థం కాదు. ప్లాస్టర్ పోసేటప్పుడు గాలి బుడగ చిక్కుకుంటే ఆ చోట గుంట పడుతుంది. అచ్చులో అన్నిటికంటే లోతుగా ఉండేవి ముందుపళ్ళ అంచులు కాబట్టి బుడగలు అక్కడే చేరి కూర్చుంటాయి. విడదీసి చూస్తే పంటి మూల ఎగిరిపోయినట్టు ఉంటుంది. మరొకరైతే పోనీలే అనుకుంటారు. నేను అనుకోను. సన్నటి కుంచెతో తడిపి, ఒక చుక్క ప్లాస్టర్ పెట్టి, ఆ మూలని మళ్ళీ తీర్చిదిద్దుతాను. మా మేస్త్రీ చేసిన పళ్ళు కడిగిన ముత్యాల్లా ఉంటాయని డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. నేను లోపల్నుంచి అంతా విని, ఏమీ విననట్టు ఉండేవాణ్ణి.

ఇంట్లో మాత్రం ముత్యాలు లేవు, ఉడత పళ్ళున్నాయి. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. పైన ముందుపళ్ళు రెండూ పెదవి దాటుకుని వచ్చి లోకాన్ని చూస్తుంటాయి. అందుకే దాన్ని ఉడత అంటాం, అది కూడా ఆ పిలుపుకే పలుకుతుంది. అచ్చం మా అమ్మ పళ్ళు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయినా ఆవిడ నవ్వు మా ఇంట్లోనే తిరుగుతోంది. ఊళ్ళో పిల్లలందరి క్లిప్పుల పనీ చేసే నాకు, ఆ నవ్వుకి తీగ చుట్టించడానికి మాత్రం చేతులు రాలేదు.

సెలవులు మొదలైన రోజు సాయంత్రం భోజనాల దగ్గర ఉడత ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. బడి ఫుట్‌బాల్ జట్టుకి వేసవంతా శిక్షణ, సెలవుల ఆఖర్లో ఎంపిక మ్యాచ్. మా అమ్మాయి గోలీ. బంతి ఎటు వస్తే అటు మొహం పెట్టి దూకే రకం.

"అమ్మదో నాన్నదో, ఎవరిదో ఒకరి సంతకం చాలట" అంది, కాగితాన్ని వాళ్ళమ్మకి అందనంత దూరం జరిపి.

మా ఆవిడ బస్సు డ్రైవరు. బడులు తెరిచినన్నాళ్ళూ పిల్లల బస్సు, సెలవుల్లో దూరప్రయాణాల బస్సు నడుపుతుంది. ఎదురుగా వచ్చే బండి ఏ పక్కకి తిరుగుతుందో ముందే కనిపెట్టేసే మనిషి. ఆ కాగితం సంగతీ కనిపెట్టేసింది.

"ఆ పళ్ళతో గోల్ ముందు నిలబడితే బంతి కంటే ముందు పళ్ళెగురుతాయి. ముందు క్లిప్పులు. తర్వాతే ఆట" అంది.

"దానికింకా పాలపళ్ళే పూర్తిగా ఊడలేదు. వచ్చే ఏడాది చూద్దాంలే."

"నిరుడూ ఇదే మాటన్నారు మీరు."

"నా అలమరలో నాలుగువందల మంది పిల్లలున్నారు. ఎగిరి, దూకి, పడి లేచినవాళ్ళే అందరూ. ముందు పన్ను విరిగినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు."

"లెక్కపెట్టారా?"

పెట్టలేదు. అయినా పౌరుషం పొడుచుకొచ్చింది.

"పెడతాను. ఇరవై దాటిందంటే మర్నాడే క్లిప్పులు. దాటకపోతే అమ్మాయి ఆడుతుంది. సరేనా?"

"సరే" అంది మా ఆవిడ, అన్నం గిన్నె నా వైపు తోస్తూ. "లెక్క మాత్రం సరిగ్గా చెయ్యండి."

"నువ్వే గెలుస్తావు నాన్నా!" అని ఉడత ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. లెక్క తేలేదాకా ఆగకుండా, ఆ నవ్వు చూసి అక్కడే సంతకం పెట్టేశాను.

వారం తిరక్కుండానే డాక్టరమ్మ నా గదిలోకి వచ్చి అదే లెక్క అడిగారు. బడులు తెరిచేలోపు హెడ్మాస్టర్లందరూ ఒకచోట కూర్చుంటున్నారట. ఎత్తుపళ్ళున్న పిల్లల్ని చిన్నప్పుడే చూపించమని తల్లిదండ్రులకి చెప్పాలా, ఆటలాడేవాళ్ళకి పళ్ళమీద తొడుగు తప్పనిసరి చెయ్యాలా అన్నది తేల్చడానికి. ఆవిణ్ణి వచ్చి మాట్లాడమన్నారట.

"వట్టి మాటలు చెప్తే ఎవరు వింటారు మేస్త్రీ? మన దగ్గరికి క్లిప్పుల కోసం వచ్చేసరికే ఎంతమంది పిల్లలకి ముందు పన్ను విరిగి ఉందో, ఎవరి పళ్ళు ఎంత ముందుకున్నాయో లెక్క కావాలి. కాగితాలు చూద్దామంటే పైన ట్యాంకు పగిలిననాడే గుజ్జయిపోయాయి. ఇప్పుడు నీ అలమరే దిక్కు."

పిలిచి పీట వేసినట్టయింది నాకు. పదకొండు రోజులు కూర్చున్నాను. ఒక్కొక్క జతా దించి, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య ఎడం చిన్న స్కేలుతో కొలిచి, ముందుపళ్ళ అంచులు చూసి, పుస్తకంలో రాశాను. నాలుగువందల పన్నెండు మంది పిల్లలు. విరిగిన పళ్ళు తొమ్మిదంటే తొమ్మిది. అవి కూడా సగానికి పైగా విరిగినవి, ఎవరూ బుడగ అనుకోలేనివి.

మా ఆవిడ అప్పటికి దూరప్రయాణం మీద ఉంది. ఫోన్ చేశాను.

"తొమ్మిది!" అన్నాను, ఏనుగెక్కినంత సంబరంగా.

"తొమ్మిదేనా? సరిగ్గా చూశారా?"

"నా పళ్ళు నాకు తెలియవా?"

పక్కనే ఉన్న ఉడత చప్పట్లు కొట్టి, సోఫా మీంచి నేలమీదికి అడ్డంగా దూకి, కనపడని బంతినొకటి పట్టుకుంది.

మర్నాటి నుంచి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆట నుంచి వచ్చిన ఉడత తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అడిగినదానికి తలతోనే జవాబు. యాపిల్ ఇస్తే వద్దంది. పాలలో బ్రెడ్డు నానబెట్టుకుని చెంచాతో తింది. వాళ్ళమ్మ మీద బెంగ కాబోలు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చెవిలో జోరీగలా వాగే పిల్ల అలా కుదురుగా కూర్చుంటే హాయిగానే అనిపించింది. పెద్దదవుతోంది అని మురిసిపోయాను కూడా.

అదేరోజు పుస్తకం డాక్టరమ్మకి ఇచ్చి ఉన్నాను. ఆవిడ చివరి పేజీ చూసి, మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"తొమ్మిదేనా? ఏడాదికి ఇద్దరు ముగ్గుర్నయినా చూసిన గుర్తు నాకు."

అలమర దగ్గరికి వెళ్ళి, నంబర్లు వెతికి, ఒక జత తీశారు.

"వీడు నాకు బాగా గుర్తు. ఈతకొలను గట్టుమీద బోర్లా పడ్డాడు. క్లిప్పులు వేసేముందు వీడి పంటి మూల నేనే కట్టాను, ముప్పావుగంట పట్టింది. ఇదేమో మొదటిరోజు తీసిన అచ్చు. ఇందులో పన్ను నిండుగా ఉందేంటి?" అని నా వైపు తిరిగారు. "నేను కట్టకముందే నువ్వు కట్టేశావా మేస్త్రీ?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"బుడగ అనుకున్నానమ్మా."

బుడగ వల్ల పడిన గుంట గుండ్రంగా ఉంటుంది. విరిగిన అంచు ఏటవాలుగా, గీత గీసినట్టు ఉంటుంది. ఈ తేడా తెలియని మేస్త్రీ ఉండడు, నాకూ తెలుసు. కానీ మూల కనపడకపోతే చాలు, చెయ్యి కుంచెమీదికి వెళ్ళిపోయేది. అది ఎలాంటి గుంటో ఒక్క క్షణం ఆగి చూసినవాణ్ణి కాను. అచ్చు తీసిన ముద్ద ఆ రోజే చెత్తబుట్టలో పడుతుంది కాబట్టి నన్ను పట్టుకునే సాక్షీ లేదు. ఇన్నేళ్ళుగా పిల్లలు విరగ్గొట్టుకున్న పళ్ళని నేను శుభ్రంగా బాగుచేసి, ఏమీ జరగనట్టు అలమరలో సర్దుతూ వచ్చాను.

తిట్టినా బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు.

"సరే. పూడ్చింది నువ్వే కాబట్టి తవ్వేదీ నువ్వే" అన్నారు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "అచ్చులో కనపడనిది ఇంకోటుంది. పై పెదవి. ముందుపళ్ళకి అది తలుపులాంటిది. పళ్ళు మరీ ముందుకుండి పెదవి మూసుకోకపోతే, పడ్డప్పుడు దెబ్బంతా నేరుగా పంటికే. మీ ఉడతకి ఆ తలుపు సగమే పడుతుంది, నేను చూశాను. అదీ గోలీ. ఎల్లుండి తీసుకురా, తొడుగు చేద్దాం."

రెండు రోజులు గిన్నెడు నీళ్ళతో, కుంచెతో, సూదితో కూర్చున్నాను. పంటి అంచు తడిపితే, తర్వాత పెట్టిన ప్లాస్టర్ చుక్క మిగతాదానికంటే ఆలస్యంగా ఆరుతుంది, నల్లటి మచ్చలా ఉండిపోతుంది. ఆ మచ్చని సూదితో గీకితే అడుగున అసలు గుంట బయటపడుతుంది. కొన్ని గుండ్రంగానే ఉన్నాయి, నిజంగా బుడగలే. వాటిని చూసినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. మిగతావి ఏటవాలు గీతలు. అలాంటివి యాభై అయిదు తేలాయి. ముందటి తొమ్మిదితో కలిపితే అరవై నాలుగు. పళ్ళు బాగా ముందుకొచ్చిన పిల్లలు మొత్తంలో మూడోవంతు కూడా లేరు, విరిగిన పళ్ళలో మాత్రం మూడింట రెండొంతులు వాళ్ళవే. ఎక్కువమంది ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపువాళ్ళు. క్లిప్పులు వచ్చే ఏడాది చూద్దాంలే అని వాళ్ళ నాన్నలు కూడా అనే ఉంటారు.

ఆ సంగతి మా ఆవిడకి ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. ఉడతకి కూడా చెప్పలేదు. అది ఎలాగూ మాట్లాడటం లేదు.

మూడో రోజు పొద్దున దాన్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. ఎప్పుడొచ్చినా నేరుగా నా గదిలో దూరి, బల్లెక్కి, కాళ్ళూపుతూ కూర్చునే పిల్ల, ఆ రోజు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ముందుగదిలోనే కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. డాక్టరమ్మ తలుపు వేసుకుని అచ్చు తీశారు. చాలాసేపు పట్టింది. తర్వాత ఆవిడే స్వయంగా తెచ్చి నా బల్లమీద పెట్టారు.

"బుడగల సంగతి నువ్వే చూసుకో మేస్త్రీ" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

ఎంతో జాగ్రత్తగా పోశాను. బల్లని కదుపుతూ, గాలి చుక్క కూడా మిగలకుండా. గట్టిపడ్డాక విడదీశాను. ఎడమవైపు ముందుపంటికి కింది మూల లేదు. గోరంత. నా చెయ్యి దానంతటదే కుంచె అందుకుంది, నీళ్ళలో ముంచింది, పైకి లేపింది.

గుంట గుండ్రంగా లేదు.

కుంచె కింద పెట్టేసి ముందుగదిలోకి వెళ్ళాను. ఉడత నా మొహం చూసి డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నేను చెప్పలేదే తల్లీ. మాటిచ్చాను కదా. మీ నాన్నే చూసుకున్నాడు" అన్నారావిడ.

నేను దాని ముందు గొంతుక్కూర్చున్నాను. "ఏదీ, చూపించు."

తువ్వాలు తీసింది. పెదవి లోపలివైపు గాయం మానుతోంది. పంటి మూల నా ప్లాస్టర్‌లో ఉన్నట్టే ఉంది. మూడు రోజులుగా ఆ పిల్లతో ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల దగ్గర తిని, నేను చూసింది ఇదన్నమాట.

"గోల్ స్తంభానికి తగిలింది" అంది. మూడు రోజుల తర్వాత నాతో అదే దాని మొదటి మాట.

"నాకెందుకు చెప్పలేదమ్మా? నొప్పి లేదూ?"

"చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది." కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నువ్వు అమ్మకి తొమ్మిదని చెప్పేశావు కదా. మళ్ళీ నాది పదోది అయితే... అమ్మ ముందు నువ్వు తక్కువైపోతావని."

దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. చేతికున్న ప్లాస్టరంతా దాని జుట్టుకి అంటుకుంది.

"నీది పదోది కాదు ఉడతా. అరవై అయిదోది. నిన్ననే తేలింది."

అది తలెత్తి చూసింది. "అరవై అయిదా? అంటే నువ్వు నిన్ననే ఓడిపోయావా?"

"చిత్తుగా."

"మరి నేను మూడు రోజులు బ్రెడ్డెందుకు తిన్నాను నాన్నా!"

ముందు డాక్టరమ్మ నవ్వారు. తర్వాత నేను. ఆఖరికి అదీ నవ్వేసింది, ఏడుపు మధ్యలోనే, విరిగిన మూలతో సహా. ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ఆ మూల కట్టారు. ముప్పావుగంట పట్టింది. నేను పక్కనే నిలబడి మొత్తం చూశాను. నా చుక్క ప్లాస్టర్‌కీ ఆవిడ పనికీ ఉన్న తేడా ఆ రోజు తెలిసింది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి సంచీ దించక ముందే మొత్తం చెప్పేశాను. బుడగలు, అరవై నాలుగు, గోల్ స్తంభం, బ్రెడ్డు, ఏదీ దాచలేదు. ఆవిడ ఉడత గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ అమ్మ నవ్వు పోతుందనే కదా క్లిప్పులొద్దన్నారు. ఈ మూడు రోజుల్లో ఇది ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టారా?"

ఒంటికాలిమీద లేస్తుందనుకున్నాను గానీ అంత మెల్లగా అంటుందనుకోలేదు. లెక్కపెట్టలేదనే చెప్పాను.

"రేపే క్లిప్పులు" అంది. ఉడత మొహం చూసి కాస్త మెత్తబడింది. "ఆట మానెయ్యమనను. మీ నాన్న సంతకం పెట్టాడు. కానీ తొడుగు లేకుండా గోల్ దగ్గర కనపడ్డావంటే, బస్సు తెచ్చి గోల్‌కి అడ్డంగా పెడతా."

అంతే. ఇరవై దాటితే క్లిప్పులన్న నా పందెం సంగతి ఆవిడ ఎత్తనైనా ఎత్తలేదు. ఆ మంచితనానికి నేను ఇప్పటికీ లొంగే ఉన్నాను.

హెడ్మాస్టర్ల సమావేశానికి డాక్టరమ్మ నన్ను కూడా లాక్కెళ్ళారు. మొదట తొమ్మిది ఎందుకొచ్చిందో నన్నే చెప్పమన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు నవ్వారు, కానీ ఆ తర్వాత ఎవరూ గడియారం చూడలేదు. తవ్వి తీసిన పళ్ళు పళ్ళేల్లో పెట్టి వరసగా అందించాం. "నా పేరు రాయకపోతే తీసుకెళ్ళు" అని ఉడత దాని జత కూడా ఇచ్చింది. మూల లేకుండానే ఉంది, నేను ముట్టుకోలేదు. తొడుగుల సంగతి ఆ రోజే తేల్చారు, అన్ని బడుల్లోనూ.

మా అమ్మాయి తొడుగు మాత్రం నేనే చేశాను. క్లిప్పులకి చోటుండేలా ప్లాస్టర్ పళ్ళమీద మైనం పరిచి, వేడిచేసిన ప్లాస్టిక్ రేకు అదిమి, అంచులు పెదవికి గుచ్చుకోకుండా మూడుసార్లు అరగదీశాను. నా మొత్తం ఉద్యోగంలో అంత చిన్న వస్తువుకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఎంపిక మ్యాచ్ రోజు మా ఆవిడా నేనూ మెట్లమీద మూడో వరసలో కూర్చున్నాం. రెండో సగంలో అవతలి జట్టు పిల్ల దగ్గర్నుంచి ఒక్క తన్ను తన్నింది. ఉడత ఎప్పట్లాగే మొహం ముందుపెట్టి దూకింది. బంతి సరిగ్గా మూతికి తగిలి పైకి లేచి గోల్ మీంచి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు మాదాకా వినిపించింది. ఉడత లేవలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. స్టీరింగ్ పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను లేచి నిలబడిపోయాను.

ఉడత మోకాళ్ళమీద లేచి, తొడుగు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నాలుకతో లోపలంతా తడుముకుంది. తర్వాత మా వరస వైపు తిరిగి, చేతులు నడుంమీద పెట్టుకుని, తీగలతో సహా అంత నోరూ తెరిచి చూపించింది. అంత దూరాన్నుంచి ఏం కనపడతాయి అనకండి. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మూలలతో సహా అన్నీ ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతుంటే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"ఇంక కూర్చోండి. వెనకవాళ్ళకి కనపడటం లేదు."